తెల్లకాగితం కింద సంతకం

కిందటి వారం ఎఫ్రాయిన్ కబాన్‌ని నిచ్చెన మీద, చేతిలో కుంచెతో నిలబెట్టి వచ్చేశాం. డెబ్భై ఒక్కేళ్ళ మనిషిని వారం రోజులు నిచ్చెన మీద ఉంచడం పాపమే గానీ, ఏం చేస్తాం, పత్రికలో మనకిచ్చిన చోటు అంతే. తుఫాను తర్వాత ప్రభుత్వం తాళం వేసిన బడిని కెబ్రాదా ఒండా అనే కొండ ఊరి జనం తామే తెరిచి, ఊరి వంటశాలగానూ పిల్లల చదువుల గదిగానూ మార్చుకున్నారు. వచ్చే ఆదివారం దానికి ఇంగ్లిష్ మాస్టారు దోన్ సెల్సో రెంతాస్ పేరు పెడుతున్నారు. దోన్ అంటే అక్కడ, మన 'గారు' లాంటిది. బోర్డు రాసే పని ఎఫ్రాయిన్‌ది. నీలం రంగుతో "సెల్సో" అని రాసి, ఇంటిపేరుకు గీతలు గీసుకుంటుండగా లాయరమ్మాయి యారిట్సా కారు గేటు ముందు ఆగింది.

"దిగండి దోన్ ఎఫ్రా. మీ ఫైలు వచ్చింది. పదకొండు వందల పేజీలు. అందులో ఒక్క పేజీ మీరు ఇవాళే చూడాలి," అంది.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఎఫ్రాయిన్ 1969లో వియత్నాం నుంచి కొండకు తిరిగొచ్చాడు. ఒళ్ళు వచ్చింది గానీ నిద్ర రాలేదు. గిన్నె కిందపడితే నేలకు కరుచుకుపోయేవాడు. 1971 జూన్‌లో, సాయం చెయ్యమని మాజీ సైనికులను చూసే వెటరన్ల ఆఫీసుకు అర్జీ పెట్టాడు. కొన్నాళ్ళకు ఇంగ్లిష్‌లో ఒక ఉత్తరం వచ్చింది. ఊళ్ళో ఇంగ్లిష్ చదవగలిగింది మాస్టారొక్కడే. చదివి, "కుదరదన్నారు" అని చెప్పాడు. ముప్పయ్యారేళ్ళ తర్వాత క్లినిక్‌లో ఒక డాక్టరమ్మ పోరుపెట్టి మళ్ళీ అర్జీ పెట్టిస్తే, ఈసారి ఆఫీసు అవునంది. నీది యుద్ధం ఇచ్చిన జబ్బేనంది. కాకపోతే ఆ జబ్బు 2007 నుంచి మొదలైనట్టు లెక్క కట్టింది.

ఎఫ్రాయిన్ పోట్లాట ఆ తేదీ మీద. పాతబాకీ డబ్బు కోసం ముసలాడు కోర్టుకెక్కాడని అనేవాళ్ళను అననివ్వండి. అతనికి కావలసింది ఒక్క రాత్రి. 1976 డిసెంబరు 31. పాత ఏడాదిని సాగనంపుతూ కుర్రాళ్ళు టపాకాయలు కాల్చారు. ఎఫ్రాయిన్ ఐదేళ్ళ కూతురు నొయేమీని కింద పడేసి, తూటాలు తగలకుండా తన ఒళ్ళంతా ఆమె మీద కప్పేశాడు. పిల్ల మోచెయ్యి రెండుచోట్ల విరిగింది. ఆ చెయ్యి మళ్ళీ నిటారుగా చాచింది లేదు. తాగి పిల్ల మీద పడ్డాడని ఊరంతా అనుకుంది. ఆ రాత్రి అతను చుక్క ముట్టలేదు. నొయేమీకి ఇప్పుడు నలభై ఎనిమిది. పోన్సే పట్నంలో ఉంటుంది. క్రిస్మస్‌కి వస్తుంది, కాఫీ తాగేంతసేపు కూర్చుంటుంది, తండ్రి దగ్గరికొస్తే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

కాగితాల ప్రకారం 1976లో ఎఫ్రాయిన్ ఆరోగ్యవంతుడు. ఆరోగ్యవంతుడు కన్నకూతురి చెయ్యి విరిస్తే వాణ్ణి ఏమనాలి? తేదీ వెనక్కి జరిగితే, కాగితం తీసుకుని పోన్సే వెళ్ళి కూతురి చేతిలో పెట్టాలని అతని కోరిక. అప్పుడు నాకు జబ్బమ్మా, ఇదిగో, దేశమే రాసిచ్చింది అని చెప్పాలి. వచ్చే మంగళవారం జడ్జి ముందు విచారణ.

ఇదీ సంగతి. ఇక ఆ బడి వంటింట్లోకి పదండి.

యారిట్సా ఆ పేజీని బల్ల మీద పెట్టింది. ముప్పై కూడా నిండని పిల్ల. మాజీ సైనికుల కేసులు ఉచితంగా చూసే సంఘంలో పని. రాజధాని నుంచి రెండున్నర గంటలు కొండ మలుపులు తిరిగి వచ్చింది. బల్లకు ఆ చివర ఎఫ్రాయిన్ భార్య ప్రొవిదెన్సియా పచ్చి కందికాయలు వలుస్తోంది. అందరూ ప్రొవి అంటారు.

"ఈ సంతకం మీదేనా?"

ఎఫ్రాయిన్ కళ్ళజోడు ఎత్తి చూశాడు. "కబాన్" కింద గాలం లాంటి తోక. నాలుగో తరగతిలో బడి మానేసినవాడు సంతకంలోనైనా కాస్త డాబు ఉండాలని నేర్చుకున్న తోక అది.

"నాదే. అంత సోకు ఇంకెవరికుంటుంది?"

"పైన ఏం రాసుందో తెలుసా?"

"ఇంగ్లిష్‌లో ఉంది కదమ్మా. సైన్యంలో నాకొచ్చిన ఇంగ్లిష్ పడుకో, లే, పరిగెత్తు. ఆ మూడింట్లో ఏదైనా ఉంటే చెప్పు."

యారిట్సా నవ్వలేదు. కాగితం తీసుకుని తమ మాటలోకి మార్చి చదివింది. "1972 మార్చి ఒకటి. అయ్యా, కిందటి జూన్‌లో నేను పెట్టుకున్న అర్జీని నా ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాను. నా ఆరోగ్యం పూర్తిగా బాగుంది. ఈ నెల పద్నాలుగున మీరు ఏర్పాటు చేసిన వైద్య పరీక్షకు నేను రావలసిన అవసరం లేదని మనవి."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది.

"ఏ పరీక్ష?"

"వాళ్ళు మిమ్మల్ని పరీక్షకు రమ్మన్నారు దోన్ ఎఫ్రా. మీ అర్జీని ఎవరూ కాదనలేదు. కాదన్న ఉత్తరం ఈ ఫైల్లో ఎక్కడా లేదు. మూడుసార్లు వెతికాను. పిలిచారు. మీరే రానన్నారు."

ఎఫ్రాయిన్‌కి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నలభై ఏడేళ్ళుగా అతను ఒక ఆఫీసును తిడుతూ బతికాడు. పొద్దున కాఫీతో పాటు తిట్టేవాడు. కోత కోస్తూ, కప్పు వేస్తూ, పూజకు వెళ్ళొస్తూ తిట్టేవాడు. ఆ తిట్లన్నీ ఖాళీ కుర్చీకి తగిలాయన్నమాట. వేళ్ళ మీది నీలం రంగు కాగితం అంచుకు అంటుకుంటుంటే యారిట్సా మెల్లగా దాన్ని పక్కకు లాగింది.

"నేను రాయలేదు," అన్నాడు చివరికి. "రాయడం వస్తే కదా రాయడానికి!"

"సంతకం మాత్రం మీదే అన్నారు."

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఉప్పు బిస్కెట్ల రేకు డబ్బా.

ఆ రోజుల్లో కొండమీద అందరూ అలాగే చేసేవారు, అందులో వింతేమీ లేదు. కాఫీ కోతల్లో ప్రతి ఉత్తరానికీ పని మానుకుని కిందికి దిగి రావడం ఎవరి తరం? అందుకని మగవాళ్ళు కోతలకు ముందే మాస్టారింటికి వెళ్ళి, పదేసి తెల్లకాగితాల మీద అడుగున సంతకాలు పెట్టి ఇచ్చేవారు. మాస్టారు వాటిని బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. సహకార సంఘానికి, కరెంటు ఆఫీసుకు, సైన్యానికి, ఏ ఇంగ్లిష్ ఉత్తరం కావలసినా ఒక కాగితం తీసి పైన రాసి పంపేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. ఊళ్ళో ఒక్కడైనా ఆ డబ్బా గురించి రెండోసారి ఆలోచించలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయని మనవాళ్ళు ఊరికే అన్నారా!

"సెల్సో మాస్టారు," అన్నాడు ఎఫ్రాయిన్. ఆ పేరు తన నోట్లోంచి వస్తుంటే అతనికే నమ్మబుద్ధి కాలేదు. నొయేమీకి జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్న జ్ఞానతండ్రి మాస్టారే. అప్పటినుంచీ ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే అని పిలుచుకుంటారు. తోడబుట్టినవాడినైనా దూరం పెట్టొచ్చు గానీ కొంపాద్రేని పెట్టకూడదు.

"ఈ కాగితం నన్ను గెలిపిస్తుందా, ముంచుతుందా? ఉన్నదున్నట్టు చెప్పు."

"సంతకం మీది కాబట్టి ముంచుతుంది," అంది యారిట్సా. "కానీ మీకు తెలియకుండా వేరేవాళ్ళు వెనక్కి తీసుకుంటే అది చెల్లదని నా వాదన. చెల్లకపోతే మీ అర్జీకి ఇప్పటిదాకా ఎవరూ జవాబివ్వనట్టే. జవాబివ్వని అర్జీ చచ్చిపోదు దోన్ ఎఫ్రా. అప్పుడు మీ తేదీ 1971 జూన్ తొమ్మిది. అయితే అది మీరు చెప్తే సరిపోదు. రాసినాయనే ప్రమాణం చేసి రాసివ్వాలి."

"ఆయన బతికే ఉన్నాడు. ఆదివారం ఆయనకి సన్మానం," అన్నాడు ఎఫ్రాయిన్. ఒక వెర్రి నవ్వు కూడా నవ్వాడు. "బోర్డు నేనే రాస్తున్నా."

బల్ల చివర ప్రొవి కందులు వలుస్తూనే ఉంది. గిన్నె నిండాక కొంగున చెయ్యి తుడుచుకున్నట్టు ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుని లేచింది.

"నేనూ వస్తా," అంది.

*

కొండమీద మూడింటికి వాన పడకపోతే అది నవంబరు కాదు. మాస్టారింటి ముందు కారు ఆగేసరికి చినుకులు మొదలయ్యాయి. వెనక సీట్లో ప్రొవి కదల్లేదు.

"మోకాలు పట్టేసింది. మీరెళ్ళి రండి."

"వస్తానని ఎగేసుకుని వచ్చావుగా?"

"వచ్చాగా. ఇక్కడే ఉన్నాగా. వెళ్ళు."

ఎఫ్రాయిన్ తలుపు ధడాలున వేసి నడిచాడు.

మాస్టారికి ఎనభై ఎనిమిది. నడుము వంగలేదు, కళ్ళు తగ్గలేదు. వరండాలో ఊగే కుర్చీలో కూర్చుని ఆదివారం చదవబోయే ఉపన్యాసాన్ని పైకి చదువుకుంటున్నాడు. ఇద్దరినీ చూసి కాగితాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రా కొంపాద్రే! నా పేరు ఎంతవరకొచ్చింది?"

"సగం."

"మిగతా సగం ఎప్పుడు?"

"అది అడగడానికే వచ్చా మాస్టారూ."

యారిట్సా పేజీని ఆయన ముందు పట్టింది. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకోలేదు. దూరం నుంచే పైనుంచి కిందిదాకా చదివాడు. ఆయన ముఖంలో ఏదో వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"తప్పులేమీ లేవు కదా?" అన్నాడు.

యాభై ఏళ్ళు పంతులు పని చేసిన నోరు అది. ఆ మాట తన నోట వచ్చినందుకు తనే తల దించుకున్నాడు. ఎఫ్రాయిన్‌కి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇక్కడికి వచ్చేదాకా అతని మనసులో ఒక చిన్న ఆశ ఉంది. మాస్టారు "ఇదేంటి, నేను కాదే!" అంటాడని. ఎవరో దొంగ డబ్బాలోంచి కాగితం కొట్టేశాడని తేలుతుందని. ఆ ఆశ కాస్తా అక్కడితో పోయింది.

"అయితే మీరే."

"నేనే."

"కుదరదన్నారని నాకు చెప్పారు. ఈ వరండాలోనే. మీరు ఆ కుర్చీలో, నేను ఈ మెట్టు మీద. నా భుజం మీద చెయ్యేసి చెప్పారు మాస్టారూ!"

"అవును."

"అవునంటారేంటి! అంత తేలిగ్గా అవునంటారేంటి?"

"నలభై ఏడేళ్ళు బరువు మోశాక దించేటప్పుడు తేలిగ్గానే ఉంటుందిరా," అన్నాడు మాస్టారు. "కూర్చో. అమ్మాయ్, నువ్వూ కూర్చో. గోయో గుర్తున్నాడా నీకు?"

గోయో కింతానా ఎఫ్రాయిన్‌తో పాటే సైన్యానికి వెళ్ళి, అతనికన్నా ముందు తిరిగొచ్చినవాడు. గుర్తుండకేం!

"వాడికీ ఇలాంటి ఉత్తరమే వచ్చింది. నీకన్నా ఏడాది ముందు. నేనే చదివా. నేనే వెళ్ళమన్నా. చొక్కా ఇస్త్రీ చేయించి బస్సు కూడా నేనే ఎక్కించా. పరీక్షకని వెళ్ళినవాణ్ణి ఆసుపత్రిలో ఉంచేశారు. ఎనిమిది నెలలకి తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూసి 'ఈవిడెవరు' అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది ఎఫ్రాయిన్. ఒక్క మాట అనలేదు. చూసిందంతే. నెల తిరక్కుండా నీ ఉత్తరం వచ్చింది. అదే ఆసుపత్రి."

వాన జోరందుకుంది. తుఫాను తర్వాత వేసిన రేకుల మీద చప్పుడుకి మాస్టారు గొంతు పెంచాల్సి వచ్చింది. ఎఫ్రాయిన్ కూర్చోలేదు.

"గోయో గోయోనే. నేను నేనే. నన్నడగాలి కదా?"

"అడిగితే వెళ్తాననేవాడివి."

"వెళ్ళేవాణ్ణి! అవును, వెళ్ళేవాణ్ణి! చస్తే చచ్చేవాణ్ణి, నాకేదో జబ్బుందని తెలిసి చచ్చేవాణ్ణి. నాకేం తెలియకుండా చేశారు కదా మీరు. నేనో చెడ్డవాణ్ణి అనుకుంటూ బతికాను కదా!" "పాత ఏడాది రాత్రి పిల్లని మీ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పిల్ల నా ఒళ్ళో ఏడుస్తోంది. దారి పొడుగునా మిమ్మల్ని అడిగా. నాకేమైంది మాస్టారూ, నాకేమన్నా పిచ్చా అని. మీరేమన్నారు?"

మాస్టారు ఒళ్ళోని ఉపన్యాసం కాగితాల అంచులు సర్దుతున్నాడు. సర్దిన వాటినే మళ్ళీ సర్దుతున్నాడు.

"ఏమన్నావ్ నువ్వు? చెప్పు!"

అరవై ఏళ్ళ పరిచయంలో ఎఫ్రాయిన్ ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదటిసారి. యారిట్సా కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"తాగుడు మానెయ్ కొంపాద్రే అన్నా," అన్నాడు మాస్టారు.

"నేను తాగలేదని నీకు తెలుసు."

"తెలుసు."

"పక్కనే కూర్చున్నావు. నా నోట్లోంచి వాసన లేదని నీకు తెలుసు."

"తెలుసు. ఆసుపత్రిలో నర్సుకి కూడా నేనే చెప్పా, తాగి ఉన్నాడని. మర్నాడు ఊళ్ళో అడిగినవాళ్ళకీ అదే చెప్పా. తాగుబోతుని తిట్టి వదిలేస్తారు ఎఫ్రాయిన్. పిచ్చివాణ్ణయితే పట్టుకుపోతారు."

ఊరంతా అనుకుందని ఇందాక అన్నాను కదా. ఊరు తనంతట తాను అనుకోలేదు. ఒక మనిషి అనుకునేలా చేశాడు, అదీ ఊళ్ళో అందరూ నమ్మే మనిషి. ఎఫ్రాయిన్ కూతురు నలభై మూడేళ్ళుగా వంటింట్లోకి లేచి వెళ్ళిపోతున్నది ఈ పెద్దమనిషి ఆడిన అబద్ధం వల్ల. అతను వరండా స్తంభం పట్టుకున్నాడు. స్తంభం మీద అతని వేళ్ళ గుర్తులు నీలంగా అంటుకున్నాయి. కొట్టాలనిపించింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషిని ఎక్కడ కొడతావు? ఏడుపు కూడా రాలేదు. ఏడుపు రావడానికి కూడా ముందు మనసుకి సంగతి ఎక్కాలి కదా.

"పిల్ల నీకు జ్ఞానపుత్రిక," అన్నాడు మెల్లగా. "దానికైనా చెప్పలేకపోయావా?"

"చెప్పాలని పోన్సే రెండుసార్లు వెళ్ళాను. గుమ్మందాకా వెళ్ళి మామిడిపళ్ళు ఇచ్చేసి వచ్చా."

యారిట్సా సంచిలోంచి తెల్లకాగితాలు, పెన్ను తీసి చిన్న బల్ల మీద పెట్టింది.

"దోన్ సెల్సో, మీరు ఇది రాసిస్తే ఈయన గెలవడానికి దారుంది. రాయకపోతే మంగళవారం ఈయన సంతకమే ఈయన మీద సాక్ష్యం చెప్తుంది. రాస్తే మీకేమవుతుందో కూడా చెప్పడం నా ధర్మం. ఇది దాగే కాగితం కాదు. ఊళ్ళో అందరికీ తెలుస్తుంది. ఆదివారం లోపే తెలియొచ్చు."

"బోర్డు సంగతి వదిలెయ్," అన్నాడు మాస్టారు. "రంగు తుడిస్తే పోతుంది. ఏం రాయాలో చెప్పు."

"జరిగింది జరిగినట్టు మొత్తం. సగం నిజం రాస్తే జడ్జి మొత్తం అబద్ధమంటారు." యారిట్సా పెన్ను ఆయన వైపు జరిపింది. "ఇంకో మాట. ఇది మీ ఒక్కరి నిర్ణయమేనా?"

మాస్టారి చూపు మెట్లు దాటి, వాన దాటి, రోడ్డు మీద ఆగి ఉన్న కారు దాకా వెళ్ళి వచ్చింది. ఆ చూపుని యారిట్సా పట్టుకుంది. ఎఫ్రాయిన్ పట్టుకోలేదు. అతను స్తంభం మీది రంగు మరకను బొటనవేలితో తుడుస్తున్నాడు, తుడిచినకొద్దీ అది ఇంకా పాకుతోంది.

"ఇంగ్లిష్‌లోనే రాస్తా," అన్నాడు మాస్టారు. "అబద్ధం ఇంగ్లిష్‌లో రాశా కదా, నిజమూ అందులోనే ఉండనీ. కానీ ఈసారి ప్రతి ముక్కా చదివి చెప్తాను, వినిపించుకో కొంపాద్రే. ఈసారి పైన రాశాకే కింద సంతకం."

రాయడం మొదలుపెట్టాడు. గుండ్రటి అక్షరాలు, నల్లబల్ల మీద రాసినట్టే. ఒక వాక్యం రాయడం, తల ఎత్తి దాన్ని చెప్పడం. నా పేరు సెల్సో రెంతాస్, విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ఎఫ్రాయిన్ కబాన్ ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి నా దగ్గర ఉంచేవాడు. 1972 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తరాన్ని నేను అతనికి తప్పుగా చదివి చెప్పాను. అతనికి తెలియకుండా అతని అర్జీని వెనక్కి తీసుకుంటూ రాశాను.

ఒక్కో వాక్యానికీ ఎఫ్రాయిన్ తల ఊపాడు, చిన్నప్పుడు పాఠం విన్నట్టు. తన జీవితాన్ని ఎవరో తన ముందే మళ్ళీ రాస్తుంటే అతను వింటున్నాడు.

ఆ తర్వాతి వాక్యం మాస్టారు రాశాడు గానీ చదవలేదు. దాని కిందది కూడా చదవలేదు. సంతకం పెట్టి, తేదీ వేసి, పెన్ను మూత పెట్టాడు.

"ఆ రెండు ముక్కలు చెప్పలేదేం?"

"అవి చెప్పాల్సింది నేను కాదు."

"ఈసారి ప్రతి ముక్కా చెప్తానన్నావ్!"

"అన్నా. నాకు నోరు రావట్లేదు." మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పు నాదే ఎఫ్రాయిన్. ఏ కారణం చెప్పినా రాసిన చెయ్యి నాది. అది మాత్రం మర్చిపోకు."

ఎఫ్రాయిన్ కాగితం లాక్కున్నాడు. వరసల వెంట వేలు పోనిచ్చాడు. ఇంగ్లిష్, అంతా ఇంగ్లిష్, చీమల బారు. పైన తన పేరు కనిపించింది. అది గుర్తుపట్టాడు. కిందికి దిగాడు. చదవని ఆ రెండు వరసల్లో మొదటిదాని మధ్యలో ఇంకో పేరు ఉంది. ఏ భాషలో రాసినా పేరు పేరే కదా. ఆ పేరుని అతను పెళ్ళి శుభలేఖ మీద చదివాడు. నొయేమీ పుట్టినప్పటి కాగితం మీద చదివాడు. తన పంచలో కరెంటు పెట్టె పక్కన, కొత్తగా కట్టిన ఇంటి సిమెంటు ఆరకముందే మేకుతో చెక్కింది కూడా అతనే.

ప్రొవిదెన్సియా.

"యారిట్సా," అన్నాడు. "ఇది... ఈ పేరు ఇక్కడెందుకుంది?"

యారిట్సా ఆ వరస చదువుకుంది. పైకి చదవలేదు. "దోన్ ఎఫ్రా, కాసేపు కూర్చోండి," అంది.

అతనికి అప్పుడు కందికాయల గిన్నె గుర్తొచ్చింది. పొద్దున వంటింట్లో ఆ ఉత్తరం చదివినప్పుడు తను రెండుసార్లు చదివించుకున్నాడు, ఏ పరీక్ష అని అరిచాడు, మాస్టారా అని నోరు తెరిచాడు. బల్లకు ఆ చివర కూర్చున్న మనిషి ఏమిటని అడగలేదు. ఎవరని అడగలేదు. ఒక్క గింజ కింద పడలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. యాభై ఏళ్ళు పక్కలో పడుకున్న మనిషి మనసు, పక్కన పడుకున్నవాడు మాత్రం ఏం పట్టగలడు?

మెట్లు దిగాడు. వెనక నుంచి యారిట్సా ఏదో అంది, "కాగితం తడుస్తుంది" అనో ఏమో. కాగితాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడు. వాన సన్నబడింది. రోడ్డంతా ఎర్రనీళ్ళు పారుతున్నాయి. పది అడుగుల దూరం. రోజూ చర్చికి నడిచే మనిషికి ఆ పది అడుగులు నడవడానికి ఊపిరి చాలలేదు. ఆమెతో ఏమనాలి? నువ్వేనా అనాలా? ఎందుకే అనాలా? నొయేమీ చెయ్యి విరిగిన రాత్రి నన్ను తిట్టావు కదే, వాకిట్లో నిలబెట్టి పదిమందిలో తాగుబోతా అని తిట్టావు కదే, అనాలా?

అతను వెళ్ళేసరికే కారు వెనక తలుపు తెరిచి ఉంది. ప్రొవి రెండు కాళ్ళూ బయట పెట్టి కూర్చుంది, చెప్పులు బురదలో, జుట్టు తడిసి నుదుటికి అంటుకుని. మోకాలు పట్టేసిన మనిషిలా లేదు. చాలాసేపటినుంచి అలాగే కూర్చున్నట్టుంది. అతని చొక్కా లోంచి తొంగిచూస్తున్న కాగితం మూలను చూసింది, తర్వాత అతని ముఖం చూసింది. ఏడవలేదు. చెయ్యి పట్టుకోలేదు.

"మొత్తం చెప్పాడా," అని అడిగింది, "నా పేరొక్కటే చెప్పాడా?"